క్యాన్సర్ చికిత్సలో యాంటీబాడీ ఔషధాలు: ఫలితం రుజువైంది, అందుబాటే అసలు ప్రశ్న

ప్రత్యేక వ్యాసం

శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ. క్యాన్సర్ వ్యాధిని ఎదుర్కొనడానికి వైద్యశాస్త్రం దశాబ్దాలపాటు ఈ మూడు మార్గాలపైనే ఆధారపడింది. శరీరంలోని రోగనిరోధక శక్తినే వ్యాధిపైకి నడిపించే ఇమ్యునోథెరపీ ఇప్పుడు నాలుగో మార్గంగా స్థిరపడింది. ఈ విధానానికి పునాది వేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్, జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోలకు 2018లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా 14 లక్షల 61 వేల మందికి పైగా క్యాన్సర్ బారిన పడ్డారు. వీరిలో ఇమ్యునోథెరపీ అవసరమైన వారిలో నూటికి ముగ్గురికి మించి ఆ మందులు అందడంలేదని ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు తమ పరిశోధన పత్రాల్లో పేర్కొన్నారు. మందు ఉన్నది, అది పనిచేస్తుందన్నదీ రుజువైంది. అయినా నూటికి తొంభై ఏడుగురికి అది చేరడంలేదు. ఈ అంతరాన్ని తగ్గించడానికి ఇటీవలి సంవత్సరాల్లో జరిగిన ప్రయత్నాలను, వాటి ఫలితాలను, మిగిలిపోయిన సమస్యలను పరిశీలించవలసిన అవసరం ఉంది.

ఔషధాలు పనిచేసే తీరు

శరీరంలోకి ప్రవేశించిన సూక్ష్మజీవులను గుర్తించి పట్టుకునేందుకు రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే మాంసకృత్తులే ప్రతిరక్షకాలు, అనగా యాంటీబాడీలు. ఒక్కో యాంటీబాడీ ఒక్కో లక్ష్యానికి మాత్రమే, తాళానికి తాళంచెవి వలె, అతుక్కుంటుంది. ఒకే లక్ష్యానికి అతుక్కునే ఒకే రకం యాంటీబాడీలను ప్రయోగశాలలో ఎంత పరిమాణంలోనైనా తయారుచేసే విధానాన్ని 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ కనుగొన్నారు. వీరికి నీల్స్ జెర్న్‌తో కలిపి 1984లో నోబెల్ బహుమతి లభించింది. ఇటువంటి మోనోక్లోనల్ యాంటీబాడీలకు చాలాకాలంపాటు 'మాబ్' అనే అక్షరాలతో ముగిసే పేర్లు పెట్టారు. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ మొదలైనవి ఈ కోవకు చెందినవే.

పనిచేసే తీరును బట్టి ఈ మందులను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. మొదటి తరగతి మందులు నేరుగా క్యాన్సర్ కణం ఉపరితలంపై ఉన్న గుర్తును పట్టుకుంటాయి. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ కొన్ని రకాల రక్త క్యాన్సర్ కణాలపై ఉండే సీడీ20 అనే గుర్తుకు అతుక్కుంటుంది. 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్, రొమ్ము క్యాన్సర్లలో దాదాపు అయిదింట ఒకదానిలో అధికంగా కనిపించే హెర్-2 అనే మాంసకృత్తును పట్టుకుంటుంది. ఈ విధంగా గుర్తుపడిన కణాలను రోగనిరోధక వ్యవస్థ తేలికగా నిర్మూలించగలుగుతుంది.

రెండవ తరగతి మందులు క్యాన్సర్ కణాన్ని తాకనైనా తాకవు. వ్యాధిని ఎదుర్కొనే తెల్ల రక్తకణాల్లో ముఖ్యమైనవి టీ-కణాలు. ఇవి అదుపు తప్పి ఆరోగ్యవంతమైన అవయవాలపై దాడి చేయకుండా ప్రకృతి వాటికి కొన్ని కళ్ళేలు అమర్చింది. ఆలిసన్ పరిశోధించిన సీటీఎల్ఏ-4, హోంజో బృందం 1992లో కనుగొన్న పీడీ-1 అటువంటి కళ్ళేలే. అనేక రకాల క్యాన్సర్ కణాలు ఈ కళ్ళేలను బిగించి, తమ జోలికి రాకుండా టీ-కణాలను నిలువరిస్తాయి. కొత్త మందులు ఈ కళ్ళేలను వదులు చేస్తాయి. సీటీఎల్ఏ-4పై పనిచేసే ఇపిలిముమాబ్ 2011లోను, పీడీ-1పై పనిచేసే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ 2014లోను అనుమతి పొందాయి.

మూడవ తరగతిలో యాంటీబాడీ వాహకంగా పనిచేస్తుంది. తీవ్రమైన విష ఔషధాన్ని మోసుకుపోయి క్యాన్సర్ కణం లోపల విడిచిపెడుతుంది. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ ఇందుకు ఉదాహరణ.

రుజువైన ఫలితాలు, పరిమితులు

శరీరమంతటా వ్యాపించిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమంది 2011కు పూర్వం ఏడాది లోపే మరణించేవారు. ఇపిలిముమాబ్, నివోలుమాబ్‌లను కలిపి వాడిన రోగుల్లో నూటికి 43 మంది పదేళ్ళ తర్వాత కూడా జీవించి ఉన్నట్లు 2024లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు తెలియజేశాయి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా కాలేయానికి, మెదడుకు వ్యాపించినట్లు తేలింది. శస్త్రచికిత్స, రేడియేషన్‌లతో పాటు పెంబ్రోలిజుమాబ్ తీసుకున్న ఆయన అదే ఏడాది డిసెంబరులో వ్యాధి ఆనవాళ్ళు లేవని ప్రకటించారు. 2024 డిసెంబరులో నూరేళ్ళ వయస్సులో మరణించారు.

2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం ప్రకటించిన ఫలితం మరింత సంచలనం కలిగించింది. ఒక ప్రత్యేక జన్యులోపం కలిగిన మలాశయ క్యాన్సర్ రోగులకు డోస్టార్లిమాబ్ అనే మందు ఒక్కటే ఇవ్వగా, చికిత్స పూర్తయిన తొలి పన్నెండు మందిలోనూ కణితి ఆనవాలు లేకుండా పోయింది. వారికి శస్త్రచికిత్స గాని, రేడియేషన్ గాని అవసరం కాలేదు. అయితే మలాశయ క్యాన్సర్ రోగుల్లో ఆ జన్యులోపం ఉండేది నూటికి అయిదు నుంచి పదిమందికి మాత్రమేనన్నది గమనార్హం.

ఈ మందులన్నింటికీ ఈ పరిమితి వర్తిస్తుంది. వీటికి స్పందించే రోగుల్లో ఫలితం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. స్పందించని రోగుల సంఖ్య మాత్రం చాలా క్యాన్సర్లలో స్పందించే వారికన్నా ఎక్కువ. పైగా కళ్ళెం వదిలిన టీ-కణాలు పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్ గ్రంథి, అరుదుగా గుండె కండరంపై దాడి చేసే ప్రమాదం ఉంది. జుట్టు రాలడం, వాంతులు వంటి కీమోథెరపీ ఇబ్బందులు తక్కువైనప్పటికీ, ఎడతెగని విరేచనాలు, ఆయాసం వంటి లక్షణాలను సకాలంలో గుర్తించి స్టెరాయిడ్ మందులు ఇవ్వకపోతే ప్రాణాపాయం సంభవించవచ్చు. చికిత్స నగరంలోని పెద్దాస్పత్రిలో జరిగినా, ఈ లక్షణాలు బయటపడేది రోగి ఇంటికి చేరిన తర్వాతనే. కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి సైతం వీటి గురించి అవగాహన ఉండవలసి ఉంది.

పన్నుల తగ్గింపుతో ఎంత మేలు?

ఈ మందుల ధరలు తగ్గించే దిశగా కేంద్రం తొలుత పన్నులపై దృష్టి సారించింది. పెంబ్రోలిజుమాబ్‌పై వస్తుసేవల పన్నును 2021 సెప్టెంబరులో జీఎస్టీ మండలి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. దానిపై ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని 2023 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా మినహాయించారు. 2024 జులైలో ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్‌లో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, డర్వాలుమాబ్, ఒసిమెర్టినిబ్ అనే మూడు క్యాన్సర్ మందులకు కస్టమ్స్ సుంకం మినహాయింపు లభించింది. వీటిలో మొదటి రెండూ యాంటీబాడీ ఆధారిత ఔషధాలే. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్టీ సంస్కరణల్లో 33 ప్రాణరక్షక ఔషధాలపై పన్నును 12 శాతం నుంచి పూర్తిగా తొలగించారు. డారాటుముమాబ్, అటెజోలిజుమాబ్, అవెలుమాబ్, ఒబినుటుజుమాబ్ వంటి పలు క్యాన్సర్ యాంటీబాడీలు ఈ జాబితాలో ఉన్నాయి.

ఈ నిర్ణయాలు ఆహ్వానించదగినవే అయినా వాటి ప్రభావ పరిమితిని కూడా గుర్తించవలసి ఉంటుంది. వంద రూపాయల మందుపై 12 శాతం పన్ను ఉంటే రోగి చెల్లించేది 112 రూపాయలు. పన్ను పూర్తిగా తొలగిస్తే 100 రూపాయలు. అనగా రోగికి కలిగే ఉపశమనం దాదాపు 11 శాతం. మోతాదుకు లక్షల రూపాయలు వెచ్చించవలసిన చోట ఈ తగ్గింపు ఇప్పటికే మందు కొనగలుగుతున్న కుటుంబానికి ఊరట కలిగిస్తుంది. కొనలేని కుటుంబాన్ని కొనగలిగే స్థితికి తీసుకురాదు. ధర పదో వంతు తగ్గడానికి, పదో వంతుకు తగ్గడానికి మధ్య ఉన్న తేడాయే ఈ సమస్యకు కేంద్ర బిందువు.

ధరల నియంత్రణలోనూ ఇటువంటి పరిస్థితే ఉంది. రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో చోటు పొందినందున వాటి గరిష్ఠ ధరను జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ నిర్ణయిస్తున్నది. జాబితాలో లేని 42 క్యాన్సర్ మందులపై వ్యాపార లాభాన్ని 30 శాతానికి పరిమితం చేస్తూ ఆ సంస్థ 2019 ఫిబ్రవరిలో ఉత్తర్వులు జారీ చేసింది. ఈ ఉత్తర్వులు టోకు, చిల్లర అమ్మకాల మధ్య పెరిగే ధరకు అడ్డుకట్ట వేశాయి. తయారీదారు స్వయంగా నిర్ణయించే తొలి ధర మాత్రం ఈ పరిధికి వెలుపలే ఉండిపోయింది.

హైదరాబాద్ అనుభవం

ధరను గణనీయంగా తగ్గించే శక్తి పోటీకి ఉన్నదని హైదరాబాద్ ఔషధ పరిశ్రమ అనుభవం తెలుపుతున్నది. డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ సంస్థ 2007లో రిటుక్సిమాబ్‌కు సరిపోలే ఔషధాన్ని రెడిటక్స్ పేరుతో విడుదల చేసింది. ఒక మోనోక్లోనల్ యాంటీబాడీకి ప్రపంచంలో వచ్చిన తొలి బయోసిమిలర్ ఔషధాల్లో ఇది ఒకటి. మూల ఔషధం ధరలో దాదాపు సగానికే అది మార్కెట్లోకి వచ్చింది. అనంతరం హైదరాబాద్‌కే చెందిన హెటిరో సంస్థ 2015లో రిటుక్సిమాబ్, 2016లో బెవాసిజుమాబ్ బయోసిమిలర్లను విడుదల చేసింది. బెంగళూరుకు చెందిన బయోకాన్ సంస్థ మైలాన్‌తో కలిసి రూపొందించిన ట్రాస్టుజుమాబ్ 2014లో భారత మార్కెట్లోకి ప్రవేశించి, 2017 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది.

కొత్త తరం ఔషధాల్లోనూ ఈ పరంపర కొనసాగుతున్నది. చైనాకు చెందిన జున్షీ సంస్థ రూపొందించిన టోరిపాలిమాబ్ అనే పీడీ-1 యాంటీబాడీని డాక్టర్ రెడ్డీస్ 2024 నవంబరులో భారతదేశంలో విడుదల చేసింది. ముక్కు వెనుక భాగంలో, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌కు దీనిని ఉపయోగిస్తారు. పెంబ్రోలిజుమాబ్‌కు బయోసిమిలర్‌ను ఉమ్మడిగా అభివృద్ధి చేసేందుకు ఐస్‌లాండ్‌కు చెందిన ఆల్వోటెక్ సంస్థతో ఈ కంపెనీ 2025 జూన్‌లో ఒప్పందం కుదుర్చుకుంది.

సాధారణ మాత్రలకు, యాంటీబాడీ ఔషధాలకు తయారీలో ఉన్న భేదాన్ని ఇక్కడ పేర్కొనవలసి ఉంది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ మాత్రల తయారీకి హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మాకు 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ తప్పనిసరి లైసెన్సు మంజూరు చేశారు. దేశంలో అటువంటి లైసెన్సు ఇవ్వడం అదే ప్రథమం. నెలకు దాదాపు 2 లక్షల 80 వేల రూపాయలు ఉన్న చికిత్స వ్యయం దీనితో 8,880 రూపాయలకు తగ్గింది. మాత్ర రసాయన సమ్మేళనం కాబట్టి దాని నిర్మాణం తెలిస్తే సమర్థమైన కర్మాగారం ఏదైనా దానిని తయారు చేయగలదు. యాంటీబాడీ అటువంటిది కాదు. జన్యుమార్పిడి చేసిన జీవకణాలను పెద్ద ట్యాంకుల్లో పెంచి, అవి ఉత్పత్తి చేసిన మాంసకృత్తును దశలవారీగా శుద్ధి చేసి, మూల ఔషధంతో అన్ని విధాలా సరిపోలుతున్నదని రుజువు చేయవలసి ఉంటుంది. ఇందుకు సంవత్సరాల కాలం, వందల కోట్ల పెట్టుబడి అవసరం. కావున లైసెన్సు వచ్చిన మరునాడే చౌకగా మందు లభించే పరిస్థితి ఉండదు. ఈ ప్రక్రియకు భారతదేశం 2012లో ప్రత్యేక మార్గదర్శకాలను రూపొందించి, 2016లో సవరించింది. ప్రయోగశాల పరీక్షల్లో పోలిక స్పష్టంగా రుజువైతే రోగులపై పెద్ద ఎత్తున తులనాత్మక పరీక్షలు అవసరం లేదనే అభిప్రాయాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 అక్టోబరులో ముసాయిదా మార్గదర్శకాల ద్వారా వెల్లడించింది. ఈ ధోరణి స్థిరపడితే బయోసిమిలర్ల అభివృద్ధి వ్యయం గణనీయంగా తగ్గే అవకాశం ఉంది.

పేటెంటు గడువు, ప్రజాప్రయోజనం

మన దేశంలో పేటెంటు కాలపరిమితి దరఖాస్తు చేసిన తేదీ నుంచి 20 సంవత్సరాలు. నివోలుమాబ్ భారత పేటెంటుకు ఈ గడువు 2026 మే నెల వరకు ఉండగా, అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ సంస్థ తన బయోసిమిలర్‌ను అంతకుముందే విడుదల చేయడానికి సిద్ధపడింది. పేటెంటుదారైన బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2025 జులైలో ఏకసభ్య ధర్మాసనం విడుదలను నిలుపుదల చేయగా, 2026 జనవరిలో ద్విసభ్య ధర్మాసనం అనుమతించింది. ప్రాణాలు నిలిపే ఔషధం విషయంలో ప్రజాప్రయోజనాన్ని, పేటెంటు గడువు చివరి దశకు చేరిన వాస్తవాన్ని ధర్మాసనం పరిగణనలోకి తీసుకున్నది. ఆ నెలలోనే మూల ఔషధం ధరలో సుమారు నాలుగో వంతుకు బయోసిమిలర్ మార్కెట్లోకి వచ్చింది.

ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడవుతున్న మందుల్లో పెంబ్రోలిజుమాబ్‌ది అగ్రశ్రేణి స్థానం. 2024లో దాని అమ్మకాలు 2,900 కోట్ల డాలర్లు దాటాయి. దాని ముఖ్య పేటెంట్ల గడువు అమెరికాలో 2028లో ముగియనుంది. ఈలోగా చర్మం కింద సూదితో నిమిషాల వ్యవధిలో ఇచ్చే రూపానికి 2025 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. ఈ రూపం రోగికి సౌకర్యమే. అయితే పాత రూపం పేటెంటు ముగిసే వేళకు వైద్యులు, రోగులు కొత్త పేటెంటు ఉన్న రూపానికి అలవాటు పడితే చౌక మందుకు మార్కెట్ కుదించుకుపోతుందన్న ఆందోళన కూడా వ్యక్తమవుతున్నది. కొనుగోలు చేసే ప్రభుత్వాలు సౌకర్యానికి, ధరకు మధ్య ఎంపికను ముందుగానే ఆలోచించుకోవలసిన సమయమిది.

చైనా అనుభవం కూడా పరిశీలించదగినది. స్వదేశంలోనే పీడీ-1 యాంటీబాడీలను అభివృద్ధి చేసిన ఆ దేశం, 2019లో సింటిలిమాబ్ అనే మందును జాతీయ బీమా జాబితాలో చేర్చేందుకు బేరసారాలు జరిపి ధరను 64 శాతం తగ్గించగలిగింది. స్వదేశీ ఉత్పత్తి, ఒకే పెద్ద కొనుగోలుదారు అనే రెండు అంశాలు కలిసినందువల్లనే అది సాధ్యమయింది.

తక్కువ మోతాదు: టాటా మెమోరియల్ ప్రయోగం

ధర తగ్గేవరకు వేచి ఉండకుండా మోతాదునే ప్రశ్నించిన ఘనత భారతీయ వైద్యులకు దక్కుతుంది. పీడీ-1 కళ్ళేన్ని వదులు చేయడానికి చాలా తక్కువ మందు సరిపోతుందని, ఆమోదిత మోతాదు అవసరానికి మించి ఉండవచ్చునని తొలి దశ పరిశోధనలే సూచించాయి. దీని ఆధారంగా టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ భాగాల క్యాన్సర్ ముదిరి, నయమయ్యే అవకాశం లేని 151 మంది రోగులపై మూడవ దశ పరీక్ష నిర్వహించారు. ఒక బృందానికి మూడు రకాల చౌక మాత్రలతో కూడిన చికిత్స మాత్రమే ఇచ్చారు. రెండవ బృందానికి ఆ మాత్రలతో పాటు మూడు వారాలకు ఒకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఇచ్చారు.

మాత్రలు మాత్రమే తీసుకున్న వారిలో ఏడాది తర్వాత జీవించి ఉన్నవారు 16.3 శాతం. నివోలుమాబ్ కూడా తీసుకున్న వారిలో 43.4 శాతం. ఆమోదిత మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ఆరు వారాల కాలానికి లెక్కిస్తే ఆమోదిత విధానంలో 720, తక్కువ మోతాదు విధానంలో 40 మిల్లీగ్రాముల మందు అవసరమవుతుంది. అనగా పద్దెనిమిదో వంతు. ఏ పన్ను రాయితీ గాని, ఏ ధరల ఉత్తర్వు గాని ఇంతటి తగ్గింపును సాధించలేదు.

ఈ ఫలితాన్ని సరైన పరిధిలో అర్థం చేసుకోవాలి. ఈ పరీక్ష తక్కువ మోతాదును పూర్తి మోతాదుతో పోల్చలేదు. నివోలుమాబ్ అసలు అందని చికిత్సతో పోల్చింది. రెండు మోతాదులూ సమానమని అది చెప్పలేదు. ఏమీ అందని చోట ఈ కొద్దిపాటి మందు ఏడాది బతికే వారి సంఖ్యను రెండు రెట్లకు పైగా పెంచిందని మాత్రమే రుజువు చేసింది. ఇతర అవయవాల క్యాన్సర్లకు దీనిని యథాతథంగా వర్తింపజేయరాదు. అయినప్పటికీ పొగాకు వినియోగం కారణంగా నోరు, గొంతు క్యాన్సర్లు అధికంగా ఉన్న దేశానికి ఇది చిన్న విషయం కాదు. గుట్కా, ఖైనీ వాడకంతో పాటు, ఉత్తర కోస్తా జిల్లాల్లో చుట్ట నిప్పు కొసను నోటిలో ఉంచుకుని పీల్చే 'అడ్డపొగ' అలవాటుకు, అంగిలి క్యాన్సర్‌కు గల సంబంధం దశాబ్దాల క్రితమే శాస్త్రీయంగా నమోదయింది. తెలుగు ప్రాంతాలకు ఈ పరిశోధన ప్రత్యక్షంగా వర్తించేదని ఇందువల్ల స్పష్టమవుతున్నది.

సమష్టి కొనుగోలు, ఆరోగ్య పథకాలు

దేశంలోని 300కు పైగా క్యాన్సర్ ఆస్పత్రులు, సంస్థలు సభ్యులుగా ఉన్న జాతీయ క్యాన్సర్ గ్రిడ్ 2012లో ఏర్పడింది. సభ్య ఆస్పత్రుల అవసరాలను కలిపి ఒకే బేరంగా మార్చే సమష్టి కొనుగోలును ఈ గ్రిడ్ చేపట్టింది. 40 మందులతో జరిపిన తొలి విడతలోనే 1,320 కోట్ల రూపాయల మేరకు ఆదా అయినట్లు 2023లో ప్రచురితమైన నివేదిక వెల్లడించింది. ఒకే మందుకు ఒక్కో ఆస్పత్రి ఒక్కో ధర చెల్లించే పద్ధతికి ఇది ప్రత్యామ్నాయం చూపింది. ఒకటికి మించి తయారీదారులు ఉన్న మందులకే ఈ విధానం పూర్తిగా ఫలిస్తుంది. నివోలుమాబ్ ఇప్పుడు ఆ దశకు చేరుకుంటున్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం, పేద కుటుంబాలకు క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్‌లను కార్పొరేట్ ఆస్పత్రుల్లో సైతం అందుబాటులోకి తెచ్చింది. ఈ పథకం ప్రతి చికిత్సకు నిర్ణీత ప్యాకేజీ మొత్తాన్ని చెల్లించే పద్ధతిపై ఆధారపడి ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పథకం కింద కుటుంబానికి వార్షిక పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు.

యాంటీబాడీ ఔషధాల విషయంలో ఈ పరిమితి ఎంతవరకు సరిపోతుందో లెక్కించి చూడవచ్చు. పెంబ్రోలిజుమాబ్‌ను మూడు వారాలకు ఒకసారి 200 మిల్లీగ్రాముల చొప్పున, గరిష్ఠంగా రెండేళ్ళపాటు, 35 మోతాదులు ఇవ్వడం సాధారణ పద్ధతి. ఏడాదికి 17 మోతాదులు, అనగా వంద మిల్లీగ్రాముల సీసాలు 34 అవసరం. 10 లక్షల రూపాయలను 34తో భాగిస్తే సీసాకు 29 వేల రూపాయల పైచిలుకు వస్తుంది. మూల ఔషధం సీసా ధర లక్ష రూపాయలకు మించి పలికిన మార్కెట్లో కుటుంబం మొత్తం వార్షిక పరిమితి కొద్ది నెలల్లోనే హరించుకుపోతుంది. ఆ కుటుంబంలో మరొకరికి గుండె జబ్బు వచ్చినా, ప్రమాదం సంభవించినా మిగిలేది శూన్యం. కావున పరిమితిని పెంచడం ఒక్కటే పరిష్కారం కాజాలదు. సీసా ధరను ఆ లెక్కకు లోబడే స్థాయికి దించడం, ఏ రోగికి మందు నిజంగా ఉపకరిస్తుందో ముందుగా తేల్చడం రెండూ అవసరమే.

పరీక్షలు, నిల్వ, నకిలీల బెడద

మందు కొనుగోలుకు ముందు జరగవలసింది వ్యాధి నిర్ధారణ పరీక్ష. హెర్-2 పరీక్ష లేకుండా ట్రాస్టుజుమాబ్ ఇవ్వడం నిరర్థకం. కణితి కణాలపై పీడీ-ఎల్1 పరిమాణం, జన్యు మరమ్మతు లోపం వంటి పరీక్షలు పీడీ-1 మందులకు తగిన రోగులను ఎంపిక చేయడానికి తోడ్పడతాయి. మందు ధరతో పోల్చితే పరీక్ష ధర స్వల్పం. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖపట్నం సమీపంలో అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ కేంద్రం నిర్వహిస్తున్న హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి వంటి ప్రభుత్వ సంస్థలకు జిల్లాల నుంచి కణితి నమూనాలు సక్రమంగా చేరే ఏర్పాటు ఉంటే, రోగి ప్రయాణించకముందే సగం నిర్ణయం జరిగిపోతుంది.

ఈ మందులను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. గడ్డకట్టినా, వేడెక్కినా పనికిరావు. తక్కువ మోతాదు విధానంలో ఒక సీసాను ఒకరికి మించిన రోగులకు పంచవలసి ఉంటుంది కాబట్టి, వారందరినీ ఒకే రోజున పిలిపించి శుభ్రమైన గదిలో శిక్షణ పొందిన ఫార్మసిస్టు మందును విభజించాలి. ఇది ఔషధశాస్త్ర సమస్య కాదు, ఆస్పత్రి నిర్వహణ సమస్య. దీనికి పరిష్కారం ఆస్పత్రి పాలకుల చేతిలోనే ఉంది.

ధర పెరిగిన చోట నకిలీ కూడా ప్రవేశిస్తుంది. ఖరీదైన క్యాన్సర్ మందుల ఖాళీ సీసాలను సేకరించి, వాటిలో శిలీంధ్ర వ్యాధులకు వాడే చౌక మందును నింపి రోగులకు అమ్ముతున్న ముఠాను 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నారు. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ సీసాలు ఈ కేసులో పట్టుబడిన వాటిలో ఉన్నాయి. ఇల్లు వాకిలి అమ్మి తెచ్చిన సొమ్ముతో కొన్న మందు నకిలీదని ఆ కుటుంబానికి ఎన్నటికీ తెలియకపోవచ్చు. మందు పనిచేయలేదనే అనుకుంటారు. వాడిన ప్రతి సీసాను లెక్క ప్రకారం పగులగొట్టి నాశనం చేయడం, సీసాపై గల బ్యాచ్ సంఖ్యను రోగి రికార్డులో నమోదు చేయడం, గుర్తింపు పొందిన పంపిణీదారు నుంచే కొనుగోలు చేయడం ఖర్చులేని జాగ్రత్తలు. ఔషధ నియంత్రణ, ఆస్పత్రి అధికారులు వీటిని నిత్య తనిఖీలో భాగం చేసుకోవలసి ఉంది.

పత్రికలు గమనించవలసిన అంశాలు

ఇమ్యునోథెరపీ గురించిన వార్తలు రోగుల కుటుంబాల నిర్ణయాలను నేరుగా ప్రభావితం చేస్తున్నాయి. ఆశతో ఆస్తులు అమ్ముకున్నవారు ఉన్నారు. భయంతో ఉపయోగపడే చికిత్సను వదులుకున్నవారూ ఉన్నారు. అందువల్ల ఏ కొత్త ఫలితం వెలువడినా నాలుగు ప్రశ్నలకు వార్తలో సమాధానం ఉండటం వాంఛనీయం. ఆ మందు ఏ అవయవ క్యాన్సర్‌కు, ఏ దశలో, ఏ పరీక్షలో తగినట్లు తేలిన రోగులకు వర్తిస్తుంది? పరీక్షలో పాల్గొన్నవారు ఎందరు, దేనితో పోల్చారు? కణితి కుంచించుకుపోయిందా, లేక ఆయుష్షు పెరిగిందా? ఆ మందు దేశంలో అనుమతి పొందిందా, పొందితే ఏ ధరకు, ఏ పథకం కింద లభిస్తుంది? మలాశయ క్యాన్సర్‌పై 2022 నాటి పరిశోధన ఫలితాన్ని క్యాన్సర్‌కే మందు దొరికినట్లుగా కొన్నిచోట్ల ప్రచారం చేయడం, ఈ ప్రశ్నలు విస్మరించినందువల్ల జరిగినదే.

ముందున్న కర్తవ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్‌లను, 2019లో మెలనోమా చికిత్సకు నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్‌లను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. 2025 సెప్టెంబరులో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, కొన్ని రకాల పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కూడా పెంబ్రోలిజుమాబ్‌ను ఆ జాబితాలో విస్తరించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో మహిళలను అధికంగా పీడిస్తున్న క్యాన్సర్లలో రెండవది కావడం వల్ల ఈ నిర్ణయానికి ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అత్యవసర ఔషధం అని గుర్తించిన తర్వాత, దానిని కొనగలిగిన వారికే పరిమితం చేయడం ఆ పదానికే విరుద్ధం.

రానున్న రెండు మూడేళ్ళ కాలం ఈ విషయంలో కీలకమైనది. నివోలుమాబ్‌లో పోటీ మొదలయింది. పెంబ్రోలిజుమాబ్‌లో మొదలు కానున్నది. పోటీ వచ్చినంత మాత్రాన మందు రోగి వద్దకు తనంతట తానుగా నడచి రాదు. రాష్ట్రాలు సమష్టిగా కొనుగోలు చేయడం, పథకాల ప్యాకేజీలను ఈ మందుల చికిత్సా కాలానికి అనుగుణంగా సవరించడం, పరీక్షల సౌకర్యాన్ని జిల్లా స్థాయికి చేరువ చేయడం, తక్కువ మోతాదుపై మరిన్ని పరీక్షలను ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే నిర్వహించడం ఇందుకు అవసరమైన చర్యలు. 2007లో రిటుక్సిమాబ్ ధరను సగానికి తగ్గించగలిగిన శాస్త్రీయ సామర్థ్యం హైదరాబాద్‌లో ఉన్నది. ఆ సామర్థ్యాన్ని, ప్రభుత్వ కొనుగోలు శక్తిని, ముంబయి వైద్యుల పరిశోధనను ఒకచోట చేర్చగలిగితే, నూటికి ముగ్గురికి మాత్రమే అందుతున్న చికిత్స అవసరమైన ప్రతి రోగికీ అందే రోజు దగ్గరపడుతుంది.